కిటికీలు ఎందుకంత కిందికి ఉన్నాయి: సికింద్రాబాద్‌లో ఒక చర్చి, దాన్ని గీసిన ఓవర్సీర్ గారు

ఈ కేసు సికింద్రాబాద్ వైపున్న ఒక తెలుగు సంఘం చర్చిది. 1960ల్లో కట్టిన రాతి చర్చి, పొడవు 60 అడుగులు, వెడల్పు 30, పైన మంగళూరు పెంకు. పాస్టరేట్ కమిటీ మా ఆఫీసుకు వచ్చింది మరమ్మతు గురించి కాదు. పాతది తీసేసి కొత్త హాలు కట్టుకుంటాం, బిల్డింగ్ పనికిరాదని మీరొక రిపోర్టు ఇస్తే పర్మిషన్ తొందరగా వస్తుంది అన్నారు. కారణాలు కాగితం మీద రాసుకొచ్చారు కూడా. వానాకాలం కప్పు కారుతోంది. గోడలు నెమ్మెక్కి ప్లాస్టర్ ఊడుతోంది. ప్రసంగం వెనక వరసలకు అర్థం కావట్లేదు. ఎండాకాలం లోపల ఉక్కపోత. పండగ రోజు సగం మంది బయట షామియానా కింద కూర్చోవాల్సి వస్తోంది.

అన్నీ నిజాలే, ఒక్కటీ కల్పించి చెప్పలేదు. అయితే చూస్తూ పోతే మొదటి నాలుగూ కట్టినాయన లోపాలు కావని, తర్వాతి ఏళ్లలో ఒకదాని వెనక ఒకటి చేసుకుంటూ పోయిన మార్పుల వల్ల వచ్చినవని తేలింది. ఐదోదానికి దారి ఆయనే గోడలో పెట్టి వెళ్లారు. అందుకే ఇందులో సగం చర్చి సంగతి, సగం ఆయన సంగతి. రెండూ విడదీసి చెబితే ఏదీ సరిగ్గా అర్థం కాదు.

ఆయన పేరు రాయడం లేదు, ఇంట్లోవాళ్లు వద్దన్నారు. సంఘాల్లో అందరూ ఓవర్సీర్ గారు అనేవాళ్లు, నేనూ అలాగే రాస్తాను.

మెదక్ చర్చి కట్టేటప్పుడు వాళ్ల నాన్న అక్కడ రాళ్లు మోశారట. ఆ కట్టడం కథ మన ప్రాంతంలో చాలామందికి తెలిసిందే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ, కరువు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టాలని మొదలుపెట్టిన పని అది. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల ఎత్తు టవరు. కిటికీ అద్దాల బొమ్మలు వేసింది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ, నేల మొజాయిక్ పరిచింది ఇటలీ మేస్త్రీలు. రాయి, సున్నం, చెమట మాత్రం మనవి. ఓవర్సీర్ గారి జీవితం అంతా ఆ చర్చి నీడలోనే నడిచిందని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఆయన దగ్గరికి వచ్చిన ప్రతి సంఘమూ మొదట అడిగింది ఒకటే: మాకూ మెదక్ లాంటిది గీసివ్వండి అని.

మిషన్ బోర్డింగ్ స్కూల్లో చదివి హైదరాబాద్ వచ్చి, నిజాం సర్కారు పీడబ్ల్యూడీలో ట్రేసర్‌గా చేరారు. ట్రేసర్ అంటే ఇంజినీర్లు గీసిన షీటు మీద ట్రేసింగ్ క్లాత్ పరిచి ఇంకుతో అచ్చంగా దించడం. రోజంతా బ్రిడ్జిలు, తూములు, కచేరీలు దించి దించి ఆయన చెయ్యి కుదిరింది. ఇంట్లో దాచిన షీట్లు వరసగా పేర్చి చూస్తే ఈ రాష్ట్రం చరిత్ర కూడా కనిపిస్తుంది: అన్నిటికంటే పాత షీట్ల మీద పేర్లు ఉర్దూలో ఉన్నాయి, అప్పటి సర్కారు భాష అదే కదా, 1948 తర్వాతవి ఇంగ్లీషులోకి మారాయి, 1956 దాటాక ఇంగ్లీషు పక్కనే మేస్త్రీల కోసం తెలుగులో చిన్న చిన్న సూచనలు మొదలయ్యాయి. “ఇక్కడ రాయి తొలవద్దు”, “సున్నం నానినాకే వాడాలె” లాంటివి. 1972లో ఆర్కిటెక్ట్స్ చట్టం వచ్చి, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలన్నప్పుడు ఆయనకు పోయిందేమీ లేదు, అంతకు ముందు కూడా ఎక్కడా ఆ మాట రాసుకోలేదు. షీటు కింద మూలన పొడి అక్షరాలు, తేదీ, అంతే.

చర్చి పనులన్నీ ఉద్యోగం చేస్తూ సెలవుల్లో చేసినవే. మెదక్, సిద్దిపేట, జహీరాబాద్, నిజామాబాద్ వైపు ఊళ్లకు బస్సులో వెళ్లేవారు. ఫీజు తీసుకోలేదని కూతురు చెప్పారు, బస్సు చార్జీ, ఒక పూట భోజనం. అయితే వెళ్లే ముందు అక్కడి పాస్టర్ గారికి కార్డు రాసి రెండు లెక్కలు తెప్పించుకునేవారు: మామూలు ఆదివారం ఎంతమంది కూర్చుంటారు, క్రిస్మస్‌కి ఎంతమంది వస్తారు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడాయే ఆయన ప్లాన్లన్నిటికీ మూలం. అది తర్వాత చెబుతాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆయన కళ్ల ముందు ఏం చర్చిలున్నాయో తెలిస్తే, ఆయన ఏం తీసుకున్నారో ఏం వదిలేశారో తెలుస్తుంది. సికింద్రాబాద్‌లో 1813 నాటి సెయింట్ జాన్స్, బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ, తిరుమలగిరిలో 1860 నాటి ఆల్ సెయింట్స్, ఇవన్నీ కంటోన్మెంట్ చర్చిలు. తెల్ల సైనికులు, ఆఫీసర్ల కుటుంబాలు బెంచీల మీద కూర్చుని, ఆర్గన్‌తో పాడుకునే ఆరాధనకు కట్టినవి. అందమైనవే. కానీ మన పల్లె సంఘం అలా కూర్చోదు. చెప్పులు బయట విడుస్తుంది, చాపల మీద కూర్చుంటుంది, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, పసిపిల్లలు మధ్యలో పాకుతుంటారు, తబలా, తాళాలు, హార్మోనియం మీద కీర్తన ఎత్తుకుంటే చప్పట్లు పడతాయి.

ఇంకోవైపు డోర్నకల్ ఉంది. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య అక్కడ కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు, మినార్లు, మండపంలో లాగా చెక్కిన స్తంభాలు. ఈ దేశపు భక్తుడు ఈ దేశపు రూపంలోనే దేవుణ్ణి కొలవాలన్న పట్టుదల అందులో కనిపిస్తుంది. ఓవర్సీర్ గారు మెదక్, డోర్నకల్ రెండిటినీ వెళ్లి చూశారు, నోటు పుస్తకంలో రెండిటి స్కెచ్‌లూ ఉన్నాయి. ఆశ్చర్యం ఏంటంటే మెదక్ పేజీల్లో టవర్ లేదు, ఆర్చీ బరువు గోడలోంచి నేలకు ఎలా దిగుతోందో బాణం గుర్తులున్నాయి. డోర్నకల్ పేజీల్లో గుమ్మటాలు లేవు, గడప ఎత్తు, మెట్ల వెడల్పు, స్తంభానికీ స్తంభానికీ ఎడం ఉన్నాయి. నా ఉద్దేశంలో ఆయన ఏమిటో చెప్పడానికి ఈ నాలుగు పేజీలు చాలు.

ఆయన కూతురు రిటైర్డ్ టీచర్. ఇనప ట్రంకు పెట్టెలో నాఫ్తలీన్ ఉండలేసి డ్రాయింగులన్నీ భద్రంగా ఉంచారు. అందులో ఈ చర్చి సెక్షన్ షీటు ఉంది, అమ్మోనియా ప్రింటు (అప్పట్లో డ్రాయింగులకు తీసే కాపీ), మడతల దగ్గర చిరిగింది. సెక్షన్ అంటే బిల్డింగును అడ్డంగా కోసి పక్కనుంచి చూసినట్టు గీసే బొమ్మ. మామూలుగా కొలత తెలియడానికి అందులో నిలబడ్డ మనిషిని గీస్తాం. ఆయన కూర్చున్న మనుషుల్ని గీశారు. బాసింపట్టు వేసుకుని, కొంగు తల మీద కప్పుకుని, ఒళ్లో పిల్లాడితో ఒకామె. ఆమె కన్ను నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున ఉందని పక్కన రాసి, ఆ కంటి నుంచి పుల్పిట్ (ప్రసంగం చెప్పే ఎత్తు పీఠం) మీదున్న పాస్టర్ గారి నోటి దాకా చుక్కల గీత. ఇంకో గీత కిటికీ లోంచి ఆమె మొహం దాకా, దాని మీద “గాలి” అని రాసి ఉంది. కిటికీ అడుగు నేల నుంచి ఒకటిన్నర అడుగు మాత్రమే.

నేను ఆ షీటు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే చర్చిలో ఇప్పుడున్న కిటికీల అడుగు మూడున్నర అడుగుల మీద ఉంది.

“నాన్నగారు ఏ ఊరెళ్లినా ముందు చాప వేయించుకుని కూర్చునేవారండీ,” అన్నారామె. “కూర్చుని చుట్టూ చూసేవారు. ఇక్కడి నుంచి ఏం కనపడితే అదే చర్చి అనేవారు.”

ఉక్క ఎక్కణ్ణుంచి వచ్చింది

సైటుకి తిరిగొచ్చి కిటికీ కింద ప్లాస్టర్ గోకితే సంగతి బయటపడింది. పాత రాతి గోడకు, కింద రెండడుగులకు సంబంధం లేదు, అది తర్వాత ఇటుక పెట్టి మూసినది. ఎప్పుడో కుర్చీలు వచ్చాయి. కుర్చీలో కూర్చుంటే కింది కిటికీ గాలి కాళ్లకు తగులుతుంది, మొహానికి తగలదు, పైగా పిల్లలు ఎక్కి బయటికి దూకుతున్నారని కింద మూసేశారు. గాలి తగ్గింది. ఫ్యాన్లు పెంచారు, ఆ చప్పుడుకు మైకు పెంచారు. రోడ్డు మోత పెరిగాక పై భాగానికి అద్దాలు బిగించారు. పెంకుల సందుల్లోంచి దుమ్ము, పావురాల రెట్టలు పడుతున్నాయని వాసాల కింద పీవీసీ షీట్లు కొట్టేశారు.

విడివిడిగా చూస్తే ప్రతి నిర్ణయానికీ కారణం ఉంది. ఎవర్నీ తప్పు పట్టలేను. కానీ కలిపి చూస్తే ఆ బిల్డింగ్ ఊపిరి ఆగిపోయింది. కింద నుంచి చల్లగాలి లోపలికి రావాలి, వేడెక్కిన గాలి పైకెక్కి పెంకు సందుల్లోంచి, గేబుల్ గోడల్లో, అంటే రెండు చివర్లా కప్పు కింద ముక్కోణంగా లేచే గోడల్లో, పెట్టిన చెక్క పలకల సందుల్లోంచి బయటికి పోవాలి. కిందా మూశారు, పైనా మూశారు. మే నెలలో మధ్యాహ్నం పెళ్లి జరిగితే జనం తట్టుకోలేక బయట చెట్టు కింద నిలబడేవాళ్లట.

కారేది పెంకు కాదు

ట్రెజరర్ గారు మొదటి నుంచీ ఒకే మాట మీద ఉన్నారు: “పెంకు పాతదైపోయింది సార్, ఎన్నిసార్లు మార్పించినా మళ్లీ కారుతోంది.” మళ్లీ మళ్లీ కారుతోందంటే తప్పు పెంకులో ఉండదు, కింద ఏదో కదులుతోందని అర్థం. పీవీసీ షీట్లు కొన్ని విప్పించాం.

ఈ చర్చిలో ఇనప ట్రస్సులు లేవు. ప్రతి 10 అడుగులకు ఒక ఇటుక ఆర్చీ, 30 అడుగుల వెడల్పుకు అడ్డంగా, సున్నంతో కట్టింది. ఆర్చీల మీద టేకు దూలాలు, వాటి మీద వాసాలు, పెంకు. అప్పట్లో సిమెంటు కంట్రోలు సరుకు, 1982లో కొంత సడలించే దాకా కోటా మీదే దొరికేది. స్టీలు కూడా అంతే. చేతిలో ఉన్నది రాయి, ఇటుక, సున్నం. వాటికి నొక్కుడు తట్టుకోవడం తెలుసు, లాగుడు తట్టుకోవడం తెలియదు, కాబట్టి ఆర్చీ ఒక్కటే దారి. ఆర్చీకి ఒక గుణం ఉంది. బరువు పడేకొద్దీ తన రెండు కాళ్లనూ బయటికి తంతుంది. ఆ తన్ను ఆపడానికే బయట గోడకు ఆనించి ప్రతి ఆర్చీ దగ్గరా రాతి ఆనుడు గోడలు కట్టారు, మూడడుగులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. మెదక్ పేజీలో బాణాలు గీసుకున్నది ఇదే.

దక్షిణం వైపు బండ్లు పెట్టుకునే షెడ్డు వేసినప్పుడు అందులో రెండు ఆనుడు గోడలు అడ్డం వచ్చాయి. సగానికి కొట్టేశారు. అలంకారం అనుకున్నారు. ఆ రెండిటి మీద ఆనిన ఆర్చీల కాళ్లు కొద్దికొద్దిగా బయటికి జరిగాయి, ఆర్చీ నెత్తి కిందికి దిగింది, లోపలి వైపు నెత్తి దగ్గర పగులు తెరుచుకుంది, పైన దూలం కుంగింది, దాని మీద పెంకుల కొక్కేలు ఒకదాన్నుంచి ఒకటి జారాయి. వాన నీళ్లకు దారి దొరికింది. కొత్త పెంకు వేస్తే ఒక సీజన్ ఆగుతుంది, మళ్లీ జారుతుంది. పగులు కనపడకుండా పీవీసీ షీటు కప్పేసింది.

పగులుకు అడ్డంగా పల్చటి గాజు పలకలు అతికించి తేదీ వేసి వదిలాం. ఇవి టెల్‌టేల్స్, గోడ కదిలితే గాజు చిట్లుతుంది. వానాకాలం అయ్యేసరికి ఆ రెండు ఆర్చీల దగ్గరా చిట్లాయి, మిగతా అన్నిచోట్లా చెక్కుచెదరలేదు. అది చూశాకే కమిటీలో మాట మారింది. అప్పటి దాకా బిల్డింగ్ మొత్తం పోయిందనుకున్నారు, పోయింది రెండు ఆనుడు గోడలని కళ్లారా చూశారు.

పని వరస ఇది. ముందు ఆ రెండు ఆర్చీల కింద సెంట్రింగ్ నిలబెట్టి బరువు దాని మీదికి తీసుకున్నాం. ఆర్చీ కాళ్ల మధ్య తాత్కాలికంగా స్టీలు రాడ్లు వేసి బిగించాం, వెనక్కి లాగడానికి కాదు, ఇంకా జరక్కుండా పట్టి ఉంచడానికి; జరిగిపోయినదాన్ని బలవంతంగా లాగితే కొత్త పగుళ్లొస్తాయి. షెడ్డు తీసేసి ఆనుడు గోడలను పునాది నుంచి అదే కొలతకు, పాత రాళ్లలో దొరికినన్ని వాడి, పాత గోడతో పళ్లు కలిపి కట్టాం. తర్వాత పగుళ్లలోకి సున్నం పాలు ఎక్కించాం. సున్నం గట్టిపడటానికి టైమిచ్చి, చివర్లో కొంచెం కొంచెంగా సెంట్రింగ్ వదిలాం. రాడ్లు తీసెయ్యాలా ఉంచాలా అని మా స్ట్రక్చరల్ ఇంజినీర్‌కీ నాకూ వాదన జరిగింది. ఆయన ఉంచమన్నారు, ఉంచాం. కళ్లకు కొంచెం అడ్డే, కానీ ఆ రోడ్డు మీద తిరిగే లారీల బరువు 1960ల్లో లేదు.

గోడల నెమ్ము

దీన్ని తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే హైదరాబాద్‌లో పాత ఇల్లున్న ప్రతివాళ్లకూ ఇది తెలిసిందే. సున్నం గోడ నేలలోంచి తేమ పీల్చుకుంటుంది, బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టర్ వేసి ఆయిల్ పెయింట్ కొడితే ఆ తేమకు బయటికి దారుండదు, ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు పేరుకుని ప్లాస్టర్ ఉబ్బుతుంది. రిపేరని మళ్లీ సిమెంటే కొడతారు. మేం మొత్తం సిమెంటు దులిపించి డంగుసున్నం పూత వేయించాం, సుర్ఖీ (ఇటుక పొడి), ఇసక, కరక్కాయ నీళ్లు, బెల్లం. ఈ పని తెలిసిన చేతులు మన సిటీలో ఇంకా ఉన్నాయి. 2013లో మొదలైన కుతుబ్‌షాహీ సమాధుల పరిరక్షణ పనిలో సిమెంటు తీసి మళ్లీ సున్నం పూసిన మేస్త్రీల్లో కొందరు మా దగ్గరికి వచ్చారు. గోరీల దగ్గర పని నేర్చుకున్న ముస్లిం మేస్త్రీ చర్చి ఆల్టర్ గోడకు చివరి పూత రాయితో రుద్ది మెరుగు పెడుతుంటే, సంఘంలోని పెద్దమ్మలు చుట్టూ చేరి ఏమేం కలుపుతున్నావు నాయనా అని అడిగి రాసుకున్నారు.

మాట ఎందుకు వినపడలేదు

ఆదివారం జనం నిండినప్పుడు వినపడదు, బుధవారం ఉపవాస కూటంలో 60 మంది ఉన్నప్పుడు ఇంకా వినపడదు. ఈ రెండిటికీ కారణాలు వేరు.

హాలు ఘనపరిమాణం సుమారు 1,020 ఘనపు మీటర్లు. శబ్దం ఆగాక మోత ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టడానికి సబైన్ సూత్రం ఉంది: ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చుకునే మొత్తంతో భాగించాలి. నున్నటి టైల్స్, అద్దాలు, పీవీసీ, ఆయిల్ పెయింట్, ఇవేవీ శబ్దాన్ని పెద్దగా పీల్చవు, అన్నీ కలిపినా శబ్దాన్ని పూర్తిగా మింగేసే 25 చదరపు మీటర్ల చోటుకు సమానం. మనుషులు బాగా పీలుస్తారు, ఒక్కొక్కరు 0.45 చొప్పున. బుధవారం లెక్క 3.2 సెకన్లు వచ్చింది. మాటకు ఒకటి, ఒకటింబావు ఉంటే బాగుంటుంది. 3 దాటితే ముందు మాట చావకుండానే తర్వాతి మాట మీద పడుతుంది. కిటికీలు కింది దాకా తెరిస్తే ఇంకో 23 కలుస్తాయి, తెరిచిన కిటికీ లోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కదా. వెనక గోడకు చెక్క పీచు బోర్డులు 30 చదరపు మీటర్లు వేస్తే ఇంకో 21. అప్పుడు 1.7కి దిగింది. ప్రార్థన కూటానికి అది చాలు, పాటకు నిండుగానూ ఉంటుంది.

ఆదివారం 250 మందితో లెక్క ఇదివరకే 1.2 ఉంది, అంటే హాలు తప్పు లేదు. తప్పు స్పీకర్లది. రెండు పక్కలా మనిషెత్తు పెట్టెలు, ఎదురుగా వెనక గోడకు గురిపెట్టినవి. ముందు వరసల్లో చెవులు చిల్లులు పడతాయి, వెనక వరసలకు గోడకు కొట్టి తిరిగొచ్చిన మాట రెండోసారి వినపడుతుంది. వాటి బదులు సన్నటి కాలమ్ స్పీకర్లు ఆర్చీ కాళ్ల దగ్గర జనం వైపు వంచి, తక్కువ సౌండుతో పెట్టాం. క్వయిర్ కుర్రాళ్లకు మొదట నచ్చలేదు. డ్రమ్స్ దమ్ము తగ్గిందన్నారు. వెనక కూర్చునే ముసలాయన ఒకాయన పాస్టర్ గారితో “అయ్యగారూ, ఇవాళ వాక్యం మొత్తం విన్నాను” అన్నాక ఆ వాదన ఆగింది.

గోడలో దాచిన చోటు

ఇప్పుడు ఆ రెండు లెక్కల సంగతి. ఆదివారానికీ క్రిస్మస్‌కీ మధ్య తేడా.

పొడవు గోడలను బయట నుంచి చూస్తే రెండు ఆనుడు గోడల మధ్య ప్రతి గదిలోనూ రాళ్ల వరస ఒక విల్లులా వంగి ఉంటుంది. అందం కోసం పెట్టారనుకున్నాం. షీటు మీద ఆ విల్లు కింద చుక్కల గీతతో ఒక పక్క వరండా గీసి “ముందు ముందు” అని తెలుగులో రాసి ఉంది. అంటే పై గోడ బరువంతా ఆ రాతి విల్లు మోస్తుంది, దాని కింద ఉన్నది నింపుడు గోడ. సంఘం పెరిగిన రోజున ఆ నింపుడు తీసేసి, ఆనుడు గోడలను తాకకుండా పక్కకు వసారా దించుకోవచ్చు. 1960ల్లో డబ్బు లేక చిన్నది కట్టుకుంటున్న సంఘానికి, వాళ్ల మనవల కోసం ఆయన తలుపు కట్టి మూసిపెట్టారు. నా వృత్తిలో ఇంత ప్రేమగల వివరం నేను ఇంకోటి చూడలేదు.

ఉత్తరం వైపు ఐదు గదులు తెరిచాం. ఆరోది వెస్ట్రీకి (ఆరాధనకు ముందు పాస్టర్ గారు సిద్ధమయ్యే గది) ఆనుకుని ఉంది, వదిలేశాం. దక్షిణం వైపు రోడ్డు సెట్‌బ్యాక్ వల్ల కుదరలేదు. ఎనిమిది అడుగుల లోతు వసారా, కొత్త బయటి గోడలో మళ్లీ ఒకటిన్నర అడుగు ఎత్తున మొదలయ్యే కిటికీలు, పిల్లలు దూకకుండా అడ్డ కమ్మీలు. సుమారు 400 చదరపు అడుగులు పెరిగింది, కుర్చీలైతే 60 మందికి పైగా, చాపలైతే ఇంకా ఎక్కువ. కమిటీ అడిగింది రెట్టింపు. అంత రాదని మొదటే చెప్పాం. ఉదయం రెండు ఆరాధనలు పెట్టుకోవడానికి వాళ్లు ఒప్పుకున్నారు, కొత్త హాలు అప్పు తప్పింది. పండగకు షామియానా ఇప్పటికీ వేస్తారు, కానీ వసారా తెరిచి ఉండటం వల్ల షామియానాలో ఉన్నవాళ్లకు ఆల్టర్ కనిపిస్తుంది.

కుర్చీల విషయంలో ఎవరికీ ఏదీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను చాప మీద కూర్చోమనడం న్యాయం కాదు. ముందు భాగం చాపలకు, వెనక కుర్చీలకు వదిలారు. కిటికీ గాలి ఇద్దరికీ తగిలేట్టు తలుపును రెండు భాగాలు చేశాం, కిందిది విడిగా, పైది విడిగా తెరుచుకుంటుంది.

ఆయనలో లోపాలు లేవని కాదు. టవర్ల దగ్గర ఆయన మెత్తబడేవారు. మెదక్ లాంటిది కావాలని సంఘం పట్టుబడితే, డబ్బు 30 అడుగులకే ఉందని తెలిసీ ఒక పొట్టి టవర్ ముందు అతికించేవారు. ఆ టవర్ గోడా పెంకు కప్పూ కలిసేచోట నీళ్లు ఆగే గుంట పడుతుంది. నేను చూసిన ఆయన చర్చిల్లో అన్నిటికంటే ముందు కారేది అక్కడే. టవర్ లేకుండా వదిలేసినవి, గేబుల్ మీద సిలువ, పక్కన విడిగా గంట స్తంభం, అవే ఆయన మంచి పనులని నా అభిప్రాయం. రెండడుగుల అరుగు ఎక్కడానికి మెట్లే తప్ప వాలు లేదు, అది ఆ కాలపు లోపం. మేం 1:12 వాలుతో ర్యాంపు కట్టాం, 24 అడుగుల పొడవు వచ్చింది, వీల్‌చైర్ వాళ్లు ఇప్పుడు సొంతంగా లోపలికి వస్తున్నారు.

వెలుతురు విషయంలో మాత్రం ఆయన్ని మించి ఏమీ చెయ్యలేకపోయాం. ఉదయం తొమ్మిదింటి ఆరాధనలో తూర్పు గోడకు కిటికీ ఉంటే పాస్టర్ గారి మొహం నల్లగా కనిపిస్తుంది, జనం కళ్లు చికిలిస్తారు. ఆయన ఆ గోడను ఖాళీగా వదిలి, పక్క గోడల్లో జనానికి కనపడని మూలన రెండు నిలువు సందులు పెట్టారు. వెలుగు పక్కనుంచి ప్రభువు బల్ల మీద, మాట్లాడేవాళ్ల మొహం మీద పడుతుంది. ఆ సందుల్లో ఒకదాని ముందు ఇనప బీరువా పెట్టి ఉంది. బీరువా జరిపాం, అంతే పని.

మిగిలిన పనులు: ఈ చర్చికీ ఉన్న అలాంటి టవర్ గుంటలో సీసపు రేకు వేయాలి, దక్షిణం వైపు వాన నీళ్లు కొత్త ఆనుడు గోడల పునాది దగ్గర నిలవకుండా కాల్వ తీయాలి, ఈ రెండూ జూన్‌కి ముందే అవ్వాలి, కమిటీ బడ్జెట్ పాస్ చేసింది. ట్రంకు పెట్టెలోని షీట్లు స్కాన్ చేయిస్తున్నాం, ఆయన చర్చిల్లో కొన్ని ఊళ్లలో ఇప్పుడు కూల్చే మాట నడుస్తోంది కాబట్టి ముందు వాటి షీట్లు తీసి ఆ పాస్టర్ గార్లకు పంపుతున్నాం. మీ ఊరి చర్చిలో కిటికీలు మోకాలి ఎత్తున మొదలై, బయట గోడలో రాళ్ల వరస విల్లులా వంగి కనిపిస్తే, కింద ఇటుక పెట్టి మూసేముందు, ఆనుడు గోడ కొట్టేముందు ఒక ఫోటో తీసి ఎవరైనా తెలిసిన ఇంజినీర్‌కి చూపించండి. లోపల పీవీసీ షీటు ఉంటే ఒక పలక విప్పి ఆర్చీ నెత్తి చూడండి.